కొట్టంలో పుట్టిన పాటలు

గౌలిగూడ పేరు వినగానే హైదరాబాదు నగరవాసికి బస్సులు జ్ఞాపకం వస్తాయి. 1932లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో పని ప్రారంభించింది. విమానాల షెడ్డువలె విల్లు వంపుతో ఉండిన గౌలిగూడ రేకుల బస్సుస్టాండు అటుతరువాత ఎన్నో తరాల పల్లెజనానికి నగర ద్వారమై నిలిచింది. 1994లో పెద్ద బస్సుస్టాండు మూసీనది ఒడ్డుకు తరలిపోయింది; పాత రేకుల కప్పు 2018 జులైలో కూలిపోయింది. అయితే ఆ పేటలో బస్సులకంటె పాతది దాని పేరు. గౌలి అనగా పాలవాడు, పశువుల కాపరి. గూడ అనగా చిన్న పల్లె. నగరం నడిబొడ్డున నిలిచి, ఇప్పటికీ గొల్లవాడ అనే పూర్వపు పేరునే మోస్తున్న పేట అది.

క్రిస్మస్ కథకు కూడా పశువుల కొట్టమే జన్మస్థానం. సత్రంలో స్థలం లేకపోవడంచేత తల్లి తన బిడ్డను పశువుల తొట్టిలో పరుండబెట్టింది. ఆ వార్త మొదట అందినది రాజులకు గాదు, రాత్రివేళ పొలాలలో మందను కాస్తున్నవారికి. తెలుగు బైబిలు వారిని గొర్రెల కాపరులు అని పిలిచింది. మన తెలుగు క్రిస్మస్ పాటలలో మాత్రం వారికి మరొక పేరు వినిపిస్తుంది: గొల్లలు. చూడడానికి ఇది చిన్న మార్పే. కాని గొల్ల అనే మాట వెంట తెలుగు పల్లె యావత్తూ నడిచి వస్తుంది: కాటమరాజు కథ చెప్పుకొనే జనం, గొంగళి, కర్ర, మంద, రాత్రి కాపలా నెగడు. ఎక్కడో యూదయ దేశపు కాపరి ఆ ఒక్క మాటతో మన ఊరి పొలిమేరలో నిలబడ్డాడు.

మాట ఈ విధంగా మనదైనది. మరి వరుస సంగతి ఏమిటి? పాటకు ప్రాణం దాని వరుసలోనే ఉన్నదని పాడేవారికి వేరే చెప్పనక్కరలేదు. మాటలు పుస్తకంలో భద్రంగా ఉండి, వరుస నోళ్లలోనుండి జారిపోతే ఆ పాట బ్రతికి ఉన్నట్టా, లేనట్టా? ఈ ప్రశ్న నేడు మన తెలుగు క్రైస్తవ కీర్తనల ఎదుట నిలిచి ఉన్నది. సంగీతంతోనూ, భాషతోనూ సంబంధమున్న ప్రతి ఉపాధ్యాయుడూ, ప్రతి విద్యార్థీ ఆలోచించదగిన ప్రశ్న ఇది. దీనిని అర్థం చేసుకోవడానికి కొంచెం దూరం వెళ్లి, మరొక దేశపు పల్లెపాటల చరిత్రను పరిశీలించడం మేలు.

1979లో ఎమ్మిలూ హారిస్ అనే అమెరికా గాయని క్రిస్మస్ పాటల రికార్డు ఒకటి వెలువరించింది. దాని పేరు 'లైట్ ఆఫ్ ది స్టేబుల్'. తెలుగులో చెప్పాలంటే 'కొట్టంలోని వెలుగు'. 1947లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించిన ఈమె, అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పెరిగిన పల్లె సంగీతాన్ని పాడేవారిలో అగ్రశ్రేణికి చెందినది. ఆ సంగీతాన్ని అక్కడివారు 'కంట్రీ మ్యూజిక్' అంటారు. ఆ రికార్డులో పది పాటలున్నవి. పేరుపాట 1975లోనే విడిగా వచ్చింది. దానికి డాలీ పార్టన్, లిండా రాన్‌స్టాట్, నీల్ యంగ్ వంటి పేరుపొందిన గాయకులు వంతపాడారు. మిగిలిన వానిలో 'సైలెంట్ నైట్', 'ది ఫస్ట్ నోయెల్', 'అవే ఇన్ ఎ మేంజర్', 'ఓ లిటిల్ టౌన్ ఆఫ్ బెత్లెహెమ్' మొదలైన, తరతరాలుగా పాడుకొంటున్న పాటలు కలవు. గిటారు, ఫిడేలు, మాండొలిన్ వంటి తీగవాద్యాల నడుమ ఆమె గొంతు నిరాడంబరంగా సాగిపోతుంది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఎమ్మిలూ హారిస్ కొండపల్లెలో పుట్టి పెరిగిన మనిషి కాదు; సైనికాధికారి కుమార్తె. పల్లెపాటను ఆమె విని, శ్రద్ధగా నేర్చుకొన్నది. అనగా సంప్రదాయం పుట్టుకతో మాత్రమే లభించే ఆస్తి కాదు. చెవి ఒగ్గి వినేవారికి అది దక్కుతుంది. కాని వినడానికి ఆ పాటలు అప్పటికి మిగిలి ఉండాలి గదా! అవి ఎట్లా మిగిలినవో తెలుసుకొంటే మనకు ఉపయోగించే పాఠాలు కొన్ని దొరుకుతాయి.

ఆ రికార్డులోని 'సైలెంట్ నైట్' చరిత్ర అందరికన్నా ముందు చెప్పుకోదగినది. నేడు మహామందిరాలలో పెద్ద ఆర్గన్లమీద మ్రోగే ఆ పాట 1818 క్రిస్మస్ ముందురాత్రి ఆస్ట్రియా దేశంలో ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరి దేవాలయంలో మొదటిసారి వినిపించింది. పదాలు వ్రాసినవాడు యోసెఫ్ మోర్ అనే యువ పురోహితుడు. వరుస కట్టినవాడు ఫ్రాంజ్ గ్రూబెర్. ఆయన పొరుగూరి బడిపంతులు. వారు ఆ రాత్రి పాటకు తోడుగా వాయించినది గిటారు. కాబట్టి పల్లెగాయని ఒకతె ఆ పాటను గిటారుమీద పాడినప్పుడు, దానికి కొత్త వేషం వేసినట్టు కాదు, పుట్టింటికి తీసుకొని వెళ్లినట్టు. లోకమంతా తిరిగిన ఒక క్రిస్మస్ పాటకు వరుస కట్టినది ఒక బడిపంతులని మన ఉపాధ్యాయులు గుర్తుంచుకొనవచ్చు.

'ఓ లిటిల్ టౌన్ ఆఫ్ బెత్లెహెమ్' కథ ఇంకొక రకమైనది. దీనిని 1868లో ఫిలడెల్ఫియా నగరంలో ఫిలిప్స్ బ్రూక్స్ అనే పాదరి ఆదివారపు బడి పిల్లలకోసం వ్రాశాడు. ఆయన దేవాలయంలోని ఆర్గన్ వాద్యకుడు లూయిస్ రెడ్నర్ దానికి వరుస కట్టాడు. అమెరికాలో నేటికీ ఆ వరుసే వాడుక. ఇంగ్లండులో మాత్రం అదే పాటను వేరే వరుసలో పాడతారు. 1903లో రాల్ఫ్ వాన్ విలియమ్స్ అనే సంగీతకారుడు సర్రే ప్రాంతంలోని ఫారెస్ట్ గ్రీన్ అనే పల్లెలో ఒక వృద్ధునినుండి ఒక జానపద గాథను విన్నాడు. అది ఒక నాగలి దున్నే కుర్రవాని కల గురించిన పాట. ఆ వరుసను ఆయన స్వరపరచుకొని, 1906లో వెలువడిన ఇంగ్లీషు కీర్తనల సంపుటిలో బెత్లెహెము పాటకు జతచేశాడు. వరుసకు ఆ పల్లె పేరే పెట్టాడు. పొలం దున్నేవాని పాట వరుస దేవాలయంలో ప్రవేశించి క్రిస్మస్ పాటకు ప్రాణం పోసింది. ఎవ్వరూ అది తక్కువ వరుస అనలేదు.

నోటిపాట చరిత్రను ఎంత జాగ్రత్తగా దాచగలదో తెలిపే ఉదాహరణ మరొకటి. 2004లో ఎమ్మిలూ హారిస్ రికార్డును తిరిగి విడుదల చేసినప్పుడు దానికి చేర్చిన మూడు పాటలలో 'చెర్రీ ట్రీ కేరల్' ఒకటి. గర్భవతియైన మరియమ్మ చెర్రీ పండ్లు కోసి ఇవ్వమని యోసేపును అడగడం, అతడు కోపించి నిరాకరించడం, చెట్టే కొమ్మలు వంచి ఆమెకు పండ్లు అందించడం అందులోని కథ. ఇది ఇంగ్లండులో పుట్టిన పాత గాథ. వలస వెళ్లినవారి వెంట అమెరికాలోని అపలాచియన్ కొండలకు చేరింది. ఆ కొండలలో పాడే పాఠాలు కొన్నిటిలో, పుట్టబోయే బిడ్డ తన జన్మదినం జనవరి నెలలో అని చెబుతాడు. ఇది పాడేవారి పొరపాటు కాదు. 1752లో ఇంగ్లండు కొత్త పంచాంగానికి మారినప్పుడు 11 దినాలు లెక్కలోనుండి తొలగిపోయినవి. పాత లెక్కప్రకారం డిసెంబరు 25 కొత్త లెక్కలో జనవరి 5 అయింది. 1800 తరువాత 6 అయింది. కొండజనం చాలాకాలం పాత పండుగనే పట్టుకొని ఉన్నారు. చదువు లేని పల్లెగొంతు ఒక దేశపు పంచాంగ చరిత్రను ఒక పాటలో భద్రపరచింది. ఎవరైనా పండితుడు తప్పు అనుకొని ఆ మాటను దిద్ది ఉంటే ఆ సాక్ష్యం నశించి ఉండేది.

ఈ పాటలు మిగలడానికి కారణాలు మూడు కనబడుతున్నవి. మొదటిది బడి. పందొమ్మిదవ శతాబ్దిలో అమెరికా పల్లెలలో 'గానశాలలు' నడిచేవి. ఊరూరా తిరిగే పంతులు కొన్ని వారాలు బసచేసి రైతులకూ, పిల్లలకూ పాట నేర్పేవాడు. సంగీతలిపి తెలియనివారికోసం స్వరాలను ఆకారాలలో అచ్చువేసేవారు. ఫా అంటే త్రికోణం, సోల్ అంటే గుండ్రం, లా అంటే చతురం, మీ అంటే వజ్రాకారం. 1835నాటి 'సదరన్ హార్మనీ', 1844నాటి 'సేక్రెడ్ హార్ప్' అనే పుస్తకాలు ఈ పద్ధతిలో వెలువడినవే. పుస్తకం తెరిస్తే మాటతోపాటు వరుస కూడా కనబడేది.

రెండవది సేకరణ. 1916 నుండి 1918 వరకు సెసిల్ షార్ప్ అనే ఆంగ్లేయుడు మాడ్ కార్పెలెస్ అనే సహాయకురాలితో అపలాచియన్ కొండలలో తిరిగి వందలాది పాటలను స్వరాలతో సహా వ్రాసుకొన్నాడు. మూడవది రికార్డు. 1927లో టెనెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్ పట్టణంలో రాల్ఫ్ పియర్ అనే కంపెనీ ప్రతినిధి పల్లెగాయకులను పిలిపించి పాటలు పట్టించాడు. కార్టర్ కుటుంబమనే ముగ్గురు గాయకుల బృందం ఆ విధంగా లోకానికి తెలిసింది. ఆ కుటుంబ పెద్ద ఏ.పి. కార్టర్ అటుతరువాత పాటలకోసం ఊరూరా తిరిగేవాడు. ఆయన వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు వాద్యకుడు ఉండేవాడు. ఎవరైనా పాట పాడితే కార్టర్ మాటలు కాగితంమీద వ్రాసుకొనేవాడు. రిడిల్ వరుసను మనసులో పట్టుకొని తిరిగివచ్చి వినిపించేవాడు. మాట ఒకరి చేతిలో, వరుస మరొకరి చెవిలో! ఇద్దరిలో ఎవరు లేకపోయినా పాట సగమే ఇల్లు చేరేది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. సైలెంట్ నైట్ పుట్టిన 1818లోనే బెంగాలులోని శ్రీరాంపురంలో తెలుగు కొత్తనిబంధన అచ్చయింది. తెలుగులో క్రైస్తవ వచనం ఆ విధంగా సాగుతుండగా, పాటకు దారి చూపినవాడు పురుషోత్తమ చౌదరి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి, 1833లో బాప్తిస్మం పొంది, 1890లో మరణించాడు. పాశ్చాత్య పాదరుల పాటలను వారి వరుసలలోనే తెలుగు చేసి పాడించడం సులువైన మార్గం. ఆ పని చేసినవారూ ఉన్నారు. చౌదరి తీసుకొన్న మార్గం వేరు. పల్లవి, అనుపల్లవి, చరణాలు గల కీర్తనను, రాగతాళాలు గల కీర్తనను ఆయన ఎన్నుకొన్నాడు. అన్నమయ్యకు, రామదాసుకు పలికిన చట్రంలోనే కొత్త భక్తిని నింపాడు. ఆయన అనంతరం పాదరులూ, ఉపదేశకులూ, బడిపంతుళ్లూ అనేకులు అదే బాటను నడిచారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే పేరుతో నేడు అనేక తెలుగు సంఘాలలో వాడుకలో ఉన్న గ్రంథం వారందరి కృషిఫలం. అందులో మేలుకొలుపులున్నవి, మంగళహారతులున్నవి. పాటపైన శంకరాభరణమనో, మోహన అనో, ఆనందభైరవి అనో రాగం పేరు. ప్రక్కన ఆదితాళమనో, చాపు అనో తాళం పేరు ఉంటుంది.

సంగీతంలో రాకపోకలు ఎప్పుడూ ఇరువైపులా సాగుతవి. పురుషోత్తమ చౌదరి బాలుడుగా ఉన్న కాలంలోనే దక్షిణాదిని ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) ఇంగ్లీషువారి బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కట్టాడు. వానిని నోటుస్వర సాహిత్యాలు అంటారు. అవన్నీ శంకరాభరణ స్వరాలలో ఉండడానికి కారణం, పాశ్చాత్యుల ప్రధాన స్వరశ్రేణి మన శంకరాభరణానికి సరిపోవడమే. మన దేవతలు ఇంగ్లీషు వరుసలో స్తుతులందుకొంటే, యేసుక్రీస్తు తెలుగు రాగాలలో స్తుతులందుకొన్నాడు. ఇచ్చిపుచ్చుకొనడంలో ఎవరి మర్యాదకూ లోటు కలుగలేదు. తెలుగు పద్యం కూడా ఈ కథకు పరాయిది కాదు: గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

తెలుగునాట క్రిస్మస్ వచ్చే కాలం కూడా చిత్రమైనది. అది ధనుర్మాసం మధ్యలో పడుతుంది. తెల్లవారుజామున తంబురా, చిరతలతో హరిదాసు వచ్చే నెల. వాకిట గొబ్బెమ్మల చుట్టూ ఆడపిల్లలు పాడే నెల. ఆ నెలలోనే రాత్రివేళ యువకులు ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడతారు. ఇంగ్లీషులో 'కేరల్' అనే మాటకు మూలార్థం చుట్టూ తిరిగి ఆడుతూ పాడే పాట అని తెలిసినవారికి గొబ్బిపాట వెంటనే స్ఫురిస్తుంది. పల్లెలలో ఆ రాత్రి బృందాల చేతులలో డోలకు, తాళాలు, హార్మోనియం, కొన్నిచోట్ల డప్పు ఉండేవి. చలిలో పాడే ఈ రెండు పాటలూ ఒకే పల్లెవీధిలో, ఒకే నెలలో తరాల తరబడి సాగినవి. ఒకదాని నడక మరొకదానికి అంటకుండా ఉండడం సాధ్యమా?

కట్టడాలలో కూడా ఈ కలయిక కనబడుతుంది. డోర్నకల్‌లో బిషపు అజరయ్య కాలంలో లేచి, 1939లో ప్రతిష్ఠ జరిగిన దేవాలయంలో మన స్తంభాలు, గుమ్మటాలు, మినారులు కలిసి ఉన్నవి. మెదకులో పాదరి పోస్నెట్ కరవుకాలంలో జనానికి పని కల్పిస్తూ కట్టించిన మహాదేవాలయానికి 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడే ప్రతిష్ఠ జరిగింది. హైదరాబాదు నగరంలో గౌలిగూడ నుండి కోఠీ మీదుగా ఆబిడ్సు, నాంపల్లి వైపు నడిస్తే ఈ చరిత్ర అడుగడుగునా కనిపిస్తుంది. ఫిరంగులు పోతపోసిన గన్‌ఫౌండ్రీ దగ్గర పందొమ్మిదవ శతాబ్దినాటి సెయింట్ జోసెఫ్ మహాదేవాలయం, చాపెల్ రోడ్డు, ఆ రోడ్డుమీద 1895లో స్థాపితమైన స్టాన్లీ బాలికల పాఠశాల. ఇటు గౌలిగూడలో రామమందిరం. దాని పొరుగున సుల్తాన్‌బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. రామదాసు కీర్తనకూ, క్రైస్తవ కీర్తనకూ, తెలుగు పుస్తకానికీ మధ్య దూరం ఇక్కడ కొద్దిపాటి నడక మాత్రమే.

ఇంత సంపద ఉండగా ప్రమాదం ఎక్కడ? కీర్తనల గ్రంథంలో మామూలుగా వాడుకలో ఉన్న ప్రతులు తెరిచి చూస్తే, పాటపైన రాగం పేరు ఉంటుంది, తాళం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. రాగం పేరు తెలిస్తే వరుస తెలిసినట్టు కాదు. మోహనరాగంలో ఐదు స్వరాలున్నవి: స రి గ ప ధ. త్యాగరాజ కృతులూ ఆ ఐదింటిలోనే నడిచినవి. అమెరికా కొండలలోని 'అమేజింగ్ గ్రేస్' వరుసా ఆ ఐదింటిలోనే నడుస్తుంది. రెండింటినీ ఒక్కటి అనగలమా? రాగం ఒక ఊరివంటిది. వరుస ఆ ఊరిలో ఒక ఇల్లు. ఊరి పేరు మాత్రమే వ్రాసిన ఉత్తరం ఇల్లు చేరదు.

మన పూర్వులకు వరుసను సూచించే మరొక పద్ధతి ఉండేది. పాట నెత్తిన 'ఫలానా పాట మట్టు' అని వ్రాసేవారు. నాటకాలలో, యక్షగానాలలో, భజన పుస్తకాలలో ఈ మట్టు సూచన తరచుగా కనబడుతుంది. ఆ ఫలానా పాట అందరి నోటా ఆడుతున్నంతకాలం ఇది చక్కని ఉపాయమే. ఆ పాటను జనం మరచిననాడు దానిని ఆధారం చేసుకొన్న పాట కూడా మూగబోతుంది. వరుసకు నిజమైన గ్రంథం పాడేవారి జ్ఞాపకమే. పల్లెలో ఉపదేశకుడు పాడితే సంఘం విని పట్టుకొనేది. తల్లి పాడితే పిల్లలు పట్టుకొనేవారు. ఆ గొలుసులో ఒక్క తరం విననప్పుడు మాటలు అచ్చులో అలాగే ఉంటవి, వరుస మాత్రం నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది. అచ్చులో ఉన్న పాట పోయిందని ఎవరు గుర్తిస్తారు? అదే ఇందులోని ప్రమాదం.

నగర సంఘాలలో విద్యుత్ వాద్యాలు వచ్చిన తరువాత మరొక మార్పు జరుగుతున్నది. కీబోర్డుమీద మీటలు నిలకడగా, విడివిడిగా పలుకుతవి. ఆనందభైరవిలోని జారుడు, స్వరాల మధ్య వంపు వానిపై అంత సులువుగా పలకవు. క్రమంగా గాయకుడు వాద్యానికి లొంగుతాడు, వంపులు పోతవి. శంకరాభరణం కీర్తనలు చిక్కులేకుండా ఆ మీటలమీద నడుస్తవి గనుక అవే ఎక్కువగా వినిపిస్తవి, తక్కినవి వెనుకబడతవి. చాపుతాళం సైతం నాలుగు దెబ్బల నడకలోకి సర్దుకొనిపోతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కొత్త వాద్యాలను తప్పుపట్టడమూ న్యాయం కాదు. గిటారు కూడా ఒకనాడు కొత్తదే, హార్మోనియం మన దేశానికి పరాయిదే. నాలుగు గొంతుల సమ్మేళనంలో పాడే నగర బృందగానం కూడా నేడు మన సంపదే. అయితే కొత్తది రావడం వేరు. పాతది ఏ విధంగా ఉండేదో ఎరిగినవారు లేకుండా పోవడం వేరు. మొదటిది పెరుగుదల, రెండవది నష్టం.

వరుస ఏదైతేనేమి, భక్తి ముఖ్యం గదా అని కొందరు అనవచ్చు. ఆరాధనకు ఆ మాట సరిపోవచ్చు. సాహిత్యానికి సరిపోదు. చౌదరి మొదలుకొని మన కీర్తనకారులు మాటలను ఒక నడకకు కట్టారు. ఏ అక్షరం సాగాలి, ఏది విరగాలి, ప్రాస ఎక్కడ తగలాలి అన్నది ఆ వరుసనుబట్టి నిర్ణయమైనది. వరుస మారితే గురువు లఘువై, లఘువు గురువై, అర్థం విరిగి, పద్యం వచనమైపోతుంది. ఛందస్సు చెప్పే ఉపాధ్యాయునికి ఈ బాధ వెంటనే తెలుస్తుంది. అందుచేత వరుసను కాపాడడమంటే తెలుగు మాటను కాపాడడమే.

ఈ పనికి మనకు మార్గదర్శకులు లేకపోలేదు. ఆచార్య బిరుదురాజు రామరాజు తెలంగాణమంతటా తిరిగి పల్లెపాటలు సేకరించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. ఆయన గ్రంథం 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడింది. పల్లెపాట విశ్వవిద్యాలయంలో చోటు పొందగలదని నిరూపించిన గ్రంథమది. నాడు ఆయనకు కాలినడక, కాగితం, కలం సాధనాలు. నేడు ప్రతి ఇంటిలోనూ ధ్వనిని పట్టే ఫోను ఉన్నది. కార్టరుకు రిడిల్ చేసిన సహాయం మన జేబులోనే ఉన్నది.

సేకరణలో ఒక ధర్మం కూడా ఉన్నది. 1933 జులైలో జాన్ జేకబ్ నైల్స్ అనే అమెరికా గాయకుడు నార్త్ కరొలీనాలోని మర్ఫీ అనే ఊరిలో ఆనీ మోర్గన్ అనే బీద బాలిక పాడగా ఒక పాట ముక్కను విన్నాడు. ఆమె కుటుంబాన్ని ఊరు విడిచి పొమ్మని అధికారులు తరుముతున్న సమయమది. పాడినప్పుడల్లా పావుడాలరు చొప్పున ఇచ్చి ఆయన ఆమెచేత మళ్లీ మళ్లీ పాడించుకొన్నాడు. ఎనిమిదిమార్లు పాడినా దొరికినది మూడు పంక్తులే. తక్కినది ఆయన పూరించి 'ఐ వండర్ యాజ్ ఐ వాండర్' అనే ప్రసిద్ధమైన క్రిస్మస్ పాటగా చేశాడు. నైల్స్ ఆ బాలిక పేరు వ్రాసి ఉంచాడు గనుకనే ఆమె నేటికీ లోకానికి జ్ఞాపకం ఉన్నది. ఆమె పాడినదెంత, తాను చేర్చినదెంత అన్నదీ ఆయనే చెప్పాడు. అది చెప్పని పక్షంలో పల్లెసొమ్ము ఏది, పట్నపు చేర్పు ఏది అన్నది ఎన్నటికీ తేలేది కాదు. పాట తీసుకొనేవాడు పాడినవారి పేరు చెప్పడం మొదటి ధర్మం. తాను దిద్దినది దిద్దినట్టు తెలపడం రెండవది.

మన పాఠశాలలు ఈ పనిని సులువుగా చేపట్టవచ్చు. డిసెంబరు నెలలో ప్రతి విద్యార్థీ తన ఇంటిలోనో, వీధిలోనో ఉన్న ఒక వృద్ధురాలిని గాని, వృద్ధుని గాని అడిగి ఒక పాత క్రిస్మస్ కీర్తనను వారి అనుమతితో ఫోనులో పట్టవలెను. వాద్యం అక్కరలేదు, చేతితాళం చాలు. పాట పూర్తిగా పాడనివ్వాలి. మధ్యలో ఆపి దిద్దరాదు. పుస్తకంలోని పాఠంతో తేడా ఉంటే రెండూ వ్రాసుకోవాలి, తేడాయే విలువైనది. చెర్రీ పాటలోని జనవరిని మరువరాదు. పాడినవారి పేరు, ఊరు, వయస్సు, ఆ పాటను వారు ఎవరివద్ద నేర్చుకొన్నారు అన్నది వెంటనే నమోదు చేయాలి. ఆపైన సంగీతం తెలిసిన ఉపాధ్యాయుడు పల్లవి వరకైనా స రి గ మ లలో స్వరపరచి, మాటల క్రింద వ్రాయాలి. ఆకారాల సంగీతలిపితో అమెరికా పల్లెపంతుళ్లు చేసిన పనిని మన సప్తస్వరాలతో మనం చేయలేమా? మనకు ఆ లిపి ఇదివరకే ఉన్నది. కీర్తనల పుస్తకంలో చేరడమే తరువాయి.

ఈ పనిలో మతభేదానికి తావులేదు. హిందూ విద్యార్థి తన నాయనమ్మవద్ద గొబ్బిపాటను, క్రైస్తవ విద్యార్థి తన అమ్మమ్మవద్ద క్రిస్మస్ కీర్తనను అదే నెలలో సేకరించి తరగతిలో ప్రక్కప్రక్కన వినిపిస్తే, ఏ వరుస ఎక్కడినుండి ఎక్కడికి నడిచిందో పిల్లలు తమ చెవులతోనే పోల్చుకొంటారు. తెలుగు పాఠంలో అంతకు మించిన పాఠం లేదు. సేకరించిన ప్రతిని ఊరి గ్రంథాలయంలో ఒకటి, పాఠశాలలో ఒకటి ఉంచితే చాలు. గ్రంథాలయాలతో ఉద్యమాలు నడిపిన భాష మనది.

అమెరికా గాయని ఒకతె కొట్టంలోని వెలుగును గురించి పాడడానికి ఆమెకు ముందు బడిపంతుళ్లూ, సేకర్తలూ, పేరులేని పల్లెగొంతులూ ఎందరో పాటుపడ్డారు. మన పాటలోని గొల్లలకు తెలుగు మాట దొరికి నూరేళ్లు దాటింది. వారి నోటి వరుసను కూడా మనం వ్రాసిపెట్టాలి. ఆ వరుసలు ఎరిగినవారు డెబ్బయి, ఎనభై ఏళ్లవారు. వారిని అడగడానికి రాబోయే డిసెంబరే తగిన సమయం. ఆ మరుసటి డిసెంబరు వరకు ఆగితే కొన్ని గొంతులు మనకు వినబడకపోవచ్చు.